బెర్గెన్ చూడటానికి వస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నార్వే పడమటి తీరంలోని బెర్గెన్‌లో కాపురం ఉంటున్నందుకు, ఏటా ఏప్రిల్ వచ్చేసరికి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. చుట్టాలు, చుట్టాల స్నేహితులు, ఇరవై ఏళ్లుగా పలకరించని క్లాస్‌మేట్లు. అందరి సందేహాలూ ఇంచుమించు ఒకటే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ధరలు, వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఒకసారి చూసుకోండి.

## బయలుదేరే ముందు

ఫ్యోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చూడ్డానికే కదా వచ్చేది. బెర్గెన్‌లో ఒక రాత్రి పడుకుంటే చాలదా?

చాలామంది అదే చేస్తారు. సాయంత్రం దిగి, రేవు దగ్గర నాలుగు ఫోటోలు తీసుకుని, పొద్దున్నే రైలెక్కేస్తారు. ఆ సాయంత్రం వాన పడితే వాళ్లకు ఈ ఊరంటే బూడిదరంగు మబ్బు, తడిసిన బూట్లు. నా లెక్కలో ఊరికి రెండు పూర్తి రోజులు, ఫ్యోర్డుకు ఒక రోజు. రెండు రోజులుంటే ఏదో ఒక పూట ఆకాశం తెరిపిస్తుంది, అప్పుడు కొండెక్కవచ్చు. 1070లో రాజు ఓలావ్ కీర్రె ఈ ఊరిని స్థాపించాడని చెబుతారు. ఒకప్పుడు నార్వే రాజులు ఇక్కడి నుంచే ఏలారు. ఇప్పుడు ఓస్లో తర్వాత రెండో పెద్ద నగరం. జనాభా మాత్రం మూడు లక్షలకు కాస్త తక్కువే, అంటే మన దగ్గర ఓ జిల్లా కేంద్రమంత. ముఖ్యమైనవన్నీ నడక దూరంలోనే ఉంటాయి.

ఏ నెలలో వస్తే మంచిది?

మే, జూన్. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ వాన మిగతా నెలలకంటే తక్కువ, పగలు ఎక్కువ. అదృష్టంకొద్దీ మన పిల్లల వేసవి సెలవులూ అప్పుడే. మే రెండో సగంలో అయితే హార్డంగర్ ఫ్యోర్డు ఒడ్డున ఆపిల్, చెర్రీ తోటలు పూతమీద ఉంటాయి. జులైలో వెచ్చగానే ఉంటుంది గానీ క్రూయిజ్ ఓడలు దింపే జనంతో రేవు కిక్కిరిసిపోతుంది. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా గట్టి వానలు. మే 17 నార్వే జాతీయ దినోత్సవం. ఆ రోజు షాపులు మూసేస్తారు, కానీ సంప్రదాయ దుస్తుల్లో ఊరంతా వీధిలోనే ఉంటుంది. ఆ తేదీకి కుదిరితే వదులుకోకండి. హోటల్ మాత్రం చాలా ముందే చూసుకోవాలి.

రోజూ వాన పడుతుందట కదా? ట్రిప్పంతా పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

రోజూ కాదు, కానీ ఏడాదికి 200 రోజులకు పైగా పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్లు అటూ ఇటూ కురిస్తే ఇక్కడ 2,200 దాటుతుంది. 2006 అక్టోబర్ చివరి నుంచి 2007 జనవరి దాకా వరసగా 85 రోజులు ఏదో ఒక వేళ వాన పడింది. అట్లాంటిక్ మీది నుంచి వచ్చే తడిగాలి ఊరి చుట్టూ ఉన్న కొండలను తాకి, పైకి లేచి, చల్లబడి ఇక్కడే కురిసిపోతుంది.

అయితే ఇది మన జులై ముసురులాంటిది కాదు. అరగంట జల్లు, పావుగంట ఎండ, మళ్లీ జల్లు. ఇక్కడివాళ్లు వాన తగ్గాక వెళదామని ఎవరూ కూర్చోరు. కిండర్‌గార్టెన్ పిల్లలు రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకుని నీటిగుంటల్లో ఆడుతుంటారు. మీరూ ప్లాన్‌ను రోజుల లెక్కన కాకుండా పూటల లెక్కన వేసుకోండి. తెరిపి ఉన్న పూట కొండ, కురుస్తున్న పూట మ్యూజియం. ‘యర్’ అనే నార్వే వాతావరణ యాప్ గంటగంటకూ చెబుతుంది, బాగానే కలుస్తుంది.

బట్టలేం తెచ్చుకోవాలి? గొడుగు సరిపోతుందా?

గొడుగు ఇంట్లోనే ఉంచండి. ఇక్కడ వానతోపాటు గాలి ఉంటుంది, గొడుగు తిరగబడుతుంది. వాన మర్నాడు చెత్తబుట్టల్లో విరిగిన గొడుగులు చూస్తే మీకే అర్థమవుతుంది. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, జారని బూట్లు, పలచటి ఉన్ని బనీను, పైన స్వెటర్ ఉంటే చాలు. కొండ నడకలు అనుకుంటే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కూడా. వేసవిలో పగలు 15 నుంచి 20 డిగ్రీలు, చలికాలంలో సున్నాకు కాస్త పైన. ఇంత ఉత్తరాన ఉన్నా సముద్రపు వెచ్చటి ప్రవాహం వల్ల రేవు గడ్డకట్టదు. సైబీరియాకు వెళ్తున్నట్టు బరువైన కోట్లు మోసుకురావద్దు.

వీసా సంగతి?

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉంది. కాబట్టి షెంగెన్ వీసా చాలు. ఒకే ట్రిప్పులో రెండు మూడు దేశాలు చూస్తుంటే ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేసవి ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, రెండు మూడు నెలల ముందే కదలండి.

నార్తర్న్ లైట్స్, అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాయా?

రెండూ బెర్గెన్‌వి కావు. వాటికి ఉత్తరాన ట్రోమ్సో వైపు వెళ్లాలి. ఇక్కడ జూన్ చివర్లో సూర్యుడు రాత్రి 11 దాటాక అస్తమించి తెల్లవారుజామున 4 దాటగానే లేస్తాడు, పూర్తి చీకటి పడదు. డిసెంబర్‌లో అయితే దాదాపు పదికి తెల్లవారి మూడున్నరకు చీకటి. నార్తర్న్ లైట్స్ ఎప్పుడైనా అరుదుగా కనిపిస్తాయి గానీ మబ్బు అడ్డు. వాటికోసం ఇక్కడికి రాకండి.

## చేరుకోవడం, తిరగడం

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎలా?

ఫ్లెస్‌లాండ్ ఎయిర్‌పోర్టు కిందే లైట్ రైలు స్టేషన్ ఉంది. ఆ రైలును బీబానెన్ అంటారు. 45 నిమిషాల్లో ఊరి నడిబొడ్డున బీపార్కెన్ దగ్గర దింపుతుంది. ఎయిర్‌పోర్టు బస్సు కాస్త తొందరగా చేరుస్తుంది, కానీ రేటు చాలా ఎక్కువ. టాక్సీ గురించి ఆలోచించకపోవడమే మంచిది. రైలెక్కేముందే స్టాప్‌లో మెషీన్ దగ్గరో, స్కిస్ యాప్‌లోనో టికెట్ కొనాలి (ఇక్కడివాళ్లు ‘శిస్’ అని పలుకుతారు). గేట్లుండవు కదా, ఎవరు చూస్తారులే అనుకోవద్దు. చెకింగ్‌వాళ్లు మామూలు బట్టల్లోనే ఎక్కుతారు, జరిమానా వెయ్యి క్రోనర్లు (నార్వే డబ్బు) దాటుతుంది.

ఓస్లో నుంచి విమానంలో రావాలా, రైల్లోనా?

ఒకవైపైనా రైలెక్కండి. దాదాపు ఏడు గంటలు పడుతుంది, ఒక్క గంట కూడా దండగ కాదు. 1909లో పూర్తయిన ఈ మార్గం అడవుల నుంచి చెట్టన్నది లేని మంచు పీఠభూమి మీదికెక్కి, మళ్లీ సముద్రమట్టానికి దిగుతుంది. మధ్యలో 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సె స్టేషన్. జూన్‌లో కూడా అక్కడ మంచు కనిపిస్తుంది, రోడ్డు మాత్రం కనిపించదు. ముందుగా కొంటే టికెట్ చాలా చవక. వేసవిలో కొన్ని రోజులు మరమ్మతుల కోసం లైను మూసి మధ్యలో బస్సు ఎక్కిస్తారు, ఆ తేదీలు చూసుకుని బుక్ చేయండి.

బెర్గెన్ కార్డ్ కొంటే లాభమా?

రోజుకు రెండు మూడు మ్యూజియంలు చూసేవాళ్లకు లాభమే. బస్సు, లైట్ రైలు ఉచితం, చాలా మ్యూజియంలు ఉచితం లేదా తగ్గింపు. 24 గంటల నుంచి 96 గంటల దాకా దొరుకుతుంది. మ్యూజియంలంటే ఆవులింతలొచ్చేవాళ్లకు డబ్బు దండగ. ఊరి మధ్యలో ఉంటే బస్సెక్కే అవసరమే పెద్దగా రాదు.

## ఊళ్లో

బ్రిగ్గెన్‌లో రంగురంగుల చెక్క ఇళ్ల ముందు ఫోటో తీసుకుంటే అయిపోయినట్టేనా?

అక్కడే అసలు మొదలవుతుంది. బ్రిగ్గెన్ అంటే రేవు. 1360 ప్రాంతం నుంచి 1754 దాకా ఇక్కడ హన్సా సమాఖ్య (ఉత్తర యూరప్ వర్తక నగరాల కూటమి) జర్మన్ వర్తకుల కార్యాలయం నడిచింది. ఉత్తరాన లొఫోటెన్ దీవుల్లో పట్టిన కాడ్ చేపను చలిగాలికి కర్రల మీద ఆరబెట్టి ఇక్కడికి తెచ్చేవాళ్లు. మన ఎండుచేపకు ఉప్పు పట్టిస్తారు, దీనికి ఉప్పు అక్కర్లేదు, గాలే పని చేస్తుంది. కట్టెలా గట్టిపడి ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. దాన్ని యూరప్‌కు పంపి బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్లు. ఆ వర్తకుల ముద్రలో సగం గద్ద, సగం కిరీటం పెట్టుకున్న ఎండుచేప! ఊరు దేనిమీద బతికిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ పనిచేసినన్నాళ్లు ఆ మగవాళ్లకు పెళ్లి నిషేధం. చెక్క ఇళ్లలో నిప్పు రాజేయడమూ నిషేధమే. వంటా, చలి కాచుకోవడమూ వెనక విడిగా కట్టిన ‘షోట్‌స్టువెనె’ అనే గదుల్లో. అన్ని జాగ్రత్తలు పడ్డా ఊరు మళ్లీ మళ్లీ కాలిపోయింది. 1702 మంటల తర్వాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టినవే ఇప్పుడు చూస్తున్నవి. 62 భవనాలు మిగిలాయి, 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ముందు వరస దాటి సందుల్లోకి వెళ్లండి. చెక్కలు పరిచిన ఇరుకు దారి, ఒకదానిమీద ఒకటి వాలిన గోడలు, తారు వాసన. ఇళ్లు అలా ఒరగడానికి కారణం నేల కింద ఉంది. పునాదుల్లోని దుంగలు నీటిలో నానుతున్నంతకాలం కుళ్లవు. పక్కన కొత్త కట్టడం వల్ల భూగర్భ జలం తగ్గేసరికి దుంగలకు గాలి తగిలి కుళ్లడం మొదలైంది, ఇళ్లు కుంగాయి. ఇప్పుడు వాన నీటినే మళ్లీ భూమిలోకి ఇంకిస్తూ నీటిమట్టం పెంచుతున్నారు. వానను తిట్టుకునేముందు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొద్దున 8 లోపు గానీ సాయంత్రం 7 తర్వాత గానీ వెళ్తే సందులు ఖాళీగా ఉంటాయి.

కుండపోతగా పడుతుంటే ఎక్కడికి వెళ్లాలి?

నా మొదటి ఓటు బ్రిగ్గెన్స్ మ్యూజియానికి. 1955లో చెక్క ఇళ్లు కొన్ని కాలిపోయాక ఆ స్థలం తవ్వితే మధ్యయుగపు ఊరు బయటపడింది. దాదాపు 670 రూన్ లిపి (పాత ఉత్తర యూరప్ అక్షరాలు) శాసనాలు దొరికాయి. శాసనాలంటే రాజుల బిరుదులు కావు, పుల్లల మీద చెక్కిన మామూలు మాటలు. సరుకు ఎవరిదో తెలిపే చీటీలు, ప్రేమ కబుర్లు, బూతులు. ఒక పుల్ల మీద ‘నిన్ను ఇంటికి రమ్మంటోంది గీద’ అని ఉంది. మొగుడు ఏ తాగుడు గదిలో కూర్చున్నాడో మరి! ఎనిమిది వందల ఏళ్ల క్రితం వాట్సాప్ అది.

బొమ్మలు ఇష్టమైతే చిన్న చెరువు గట్టున కొడె మ్యూజియం భవనాలు వరసగా ఉంటాయి. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ చిత్రాలు పెద్ద సంఖ్యలో చూడొచ్చు, ఓస్లోలో ఉన్నంత రద్దీ ఉండదు. అక్కడే నికొలాయ్ ఆస్‌ట్రుప్ గీసిన పడమటి నార్వే పల్లెలను చూడకుండా రాకండి.

రేవు చివర రాతి కోట లోపలికి వెళ్లడం అవసరమా?

హోకోన్ హాలు వరకు వెళ్లండి. రాజు హోకోన్ హోకోన్‌సన్ కట్టించాడు, 1261లో కొడుకు మాగ్నుస్ పెళ్లి విందు అందులోనే జరిగింది. 1944 ఏప్రిల్ 20న రేవులో పేలుడు పదార్థాలున్న ఓడ పేలి హాలు పైకప్పు ఎగిరిపోయింది, పక్కనున్న రోసెన్‌క్రాంట్స్ బురుజూ దెబ్బతింది. తర్వాత మళ్లీ కట్టారు. గోడలు పాతవి, పైకప్పు కొత్తది. కోట ఆవరణలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు.

కుష్ఠు వ్యాధి మ్యూజియం అని ఉంది. సెలవుల్లో అక్కడికెందుకు?

నన్నడిగితే బెర్గెన్‌లో మనవాళ్లు తప్పక చూడాల్సిన చోటు అదే. కుష్ఠుకు కారణమైన బాక్టీరియాను 1873లో కనిపెట్టింది ఈ ఊరి డాక్టరు గెర్హార్డ్ ఆర్మౌయెర్ హాన్సెన్. ఆ రోగాన్ని హాన్సెన్స్ డిసీజ్ అనడం అందుకే. అది వంశపారంపర్యమనీ, పాపఫలమనీ లోకం నమ్ముతున్న రోజులవి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రి కథలు విన్న ఇంట్లో పెరిగినందుకేమో, సెయింట్ యోర్గెన్ ఆసుపత్రి ద్వారం దాటగానే నాకు గొంతు పట్టుకుంది. మధ్య హాలు చుట్టూ అగ్గిపెట్టెల్లాంటి గదులు, ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు. పక్కనే వాళ్లకోసం చిన్న చెక్క చర్చి. చివరి రోగులు 1946లో పోయారు.

హాన్సెన్‌ను దేవుణ్ని చేసి చూపించరు. ఒక రోగి అనుమతి లేకుండా ఆమె కంట్లోకి వ్యాధిని ఎక్కించాలని ప్రయత్నించినందుకు 1880లో కోర్టు అతన్ని ఆసుపత్రి ఉద్యోగం నుంచి తప్పించింది. మ్యూజియం ప్రధానంగా వేసవిలోనే తెరుస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి. పదేళ్ల లోపు పిల్లలకు బరువనిపించవచ్చు.

ఫాంటొఫ్ట్ చెక్క చర్చి నిజంగా పాతదేనా?

కాదు. 1150 ప్రాంతంలో సోగ్న్ ప్రాంతంలో కట్టిన చర్చిని 1883లో ఇక్కడికి తరలించారు. 1992 జూన్‌లో ఎవరో తగలబెట్టారు. అచ్చం అలాగే కట్టి 1997లో పూర్తిచేశారు. తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. చెట్ల మధ్య నల్లటి తారు పూసిన చెక్క, కప్పు అంచున డ్రాగన్ తలలు. లైట్ రైలు దిగి పదిహేను నిమిషాల నడక. అసలైన పాతదే కావాలంటే సోగ్నె ఫ్యోర్డు వైపు బోర్గుండ్ దాకా వెళ్లాలి.

పాశ్చాత్య సంగీతం తెలియదు. గ్రీగ్ ఇల్లు చూడాలా?

నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ 1885 నుంచి భార్య నీనాతో ఉన్న ఇల్లు ట్రోల్‌హౌగెన్. సంగీతం తెలియకపోయినా సరస్సు ఒడ్డున అతను కూర్చుని స్వరాలు కట్టిన చిన్న గుడిసె చూస్తే చాలు. ఒక టేబులు, ఒక పియానో, ఒక కిటికీ. వేసవిలో మధ్యాహ్నం అరగంట పియానో కచేరీ ఉంటుంది. వేదిక వెనక గోడంతా అద్దం, దాని వెనక సరస్సు. హోప్ స్టాప్ దగ్గర దిగి అరగంట లోపు నడక.

పిల్లలు డప్పులు కొట్టుకుంటూ కవాతు చేస్తున్నారు, ఏమిటది?

బూయెకోర్ప్స్. బెర్గెన్‌కే ప్రత్యేకం. ఒక్కో పేటకు ఒక్కో పిల్లల దళం, 1850ల నుంచి నడుస్తోంది. భుజాన చెక్క తుపాకులో, విల్లులో పెట్టుకుని వసంతమంతా వీధుల్లో తిరుగుతారు. ఊరివాళ్లకు గర్వం, ఆదివారం పొద్దున కిటికీ కింద వాయిస్తే అదే ఊరివాళ్లకు తలనొప్పి.

## కొండలు

ఫ్లోయెన్ ఎక్కాలా, ఉల్రికెన్ ఎక్కాలా? ఒక్కటే టైముంది.

ఊరు చూడాలంటే ఫ్లోయెన్, కొండలు చూడాలంటే ఉల్రికెన్. ఫ్లోయెన్ 320 మీటర్లు. చేపల మార్కెట్ పక్క నుంచే 1918 నాటి ఫ్లోయ్‌బానెన్ అనే కొండ రైలు ఎక్కిస్తుంది, ఏడెనిమిది నిమిషాలు. పళనిలో వించ్ ఎక్కినవాళ్లకు పద్ధతి తెలుసు: తాడు లాగుతుంటే ఒక పెట్టె ఎక్కుతుంది, ఇంకోటి దిగుతుంది. పైనుంచి రేవు, ఎర్రటి పెంకుల కప్పులు, దూరంగా దీవులు చేతికందేంత దగ్గరగా ఉంటాయి. పైకి రైల్లో వెళ్లి, దిగేటప్పుడు నడవండి. మూడు కిలోమీటర్లు, ముప్పావు గంట.

ఉల్రికెన్ 643 మీటర్లు, ఊరి చుట్టూ ఉన్న ఏడు కొండల్లో ఎత్తైనది. (ఆ ఏడు ఏవేవో ఇక్కడివాళ్లే ఇంకా వాదించుకుంటుంటారు.) దాని మీదికి తీసుకెళ్లేది విశాఖ కైలాసగిరి రోప్‌వే లాంటిదే, ఎత్తు మాత్రం చాలా ఎక్కువ. పైన చెట్లుండవు, గాలి ఈడ్చి కొడుతుంది. మబ్బు దిగి ఉంటే టికెట్ డబ్బు వృథా. రెండింటికీ పైన కెమెరాలు ఉన్నాయి, నెట్‌లో చూసి బయలుదేరండి.

మెట్లెక్కి వెళ్లొచ్చా?

అలిపిరి మెట్లెక్కినవాళ్లకు ఉల్రికెన్ ఒప్‌స్టెమ్‌టెన్ పెద్ద లెక్క కాదు. 1,333 రాతిమెట్లు, నేపాల్ షెర్పాలు వచ్చి పేర్చారు. తేడా ఏమిటంటే పైకప్పు ఉండదు, దారిలో టీ దుకాణమూ ఉండదు, రాయి తడిగా ఉంటుంది. సాండ్‌వికెన్ వైపు స్టోల్ట్సెక్లైవెన్ ఇంకా నిటారు. రెండూ ఎక్కడానికే, మోకాళ్లు బాగుండాలంటే వేరే దారిలో దిగండి.

ఉల్రికెన్ నుంచి ఫ్లోయెన్ దాకా కొండల మీదే నడిచి రావొచ్చట?

రావొచ్చు, ఆ దారిని విద్దెన్ అంటారు. పదిహేను కిలోమీటర్ల దాకా, ఐదారు గంటలు. ఎండ ఉన్న రోజు ఇంతకు మించిన నడక ఈ ఊళ్లో లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య మాత్రమే, బూట్లు ఉంటే మాత్రమే, మబ్బు లేకపోతే మాత్రమే. మంచుతెర దిగితే ఊరి పక్కనే ఉన్నా దారి తప్పుతారు. తినడానికి, తాగడానికి వెంట తెచ్చుకోండి.

## ఫ్యోర్డులు

ఫ్యోర్డు అంటే ఏమిటి? ఏది చూడాలి?

హిమానీనదం వేల ఏళ్లపాటు కొండను కోసుకుంటూ పోయి లోతైన లోయ చేసింది. మంచు కరిగాక అందులోకి సముద్రం వచ్చింది. అదే ఫ్యోర్డు. బెర్గెన్‌కు ఉత్తరాన సోగ్నె ఫ్యోర్డు 205 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా. లోతు 1,308 మీటర్లు. దాని కొమ్మే నారోయ్ ఫ్యోర్డు, ఒకచోట 250 మీటర్ల వెడల్పే, రెండు వైపులా వెయ్యి మీటర్లు దాటిన గోడలు. 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దక్షిణాన హార్డంగర్ మెత్తనిది: తోటలు, ఊళ్లు, జలపాతాలు. ఒక్కటే చూడాలంటే నారోయ్.

‘నార్వే ఇన్ ఎ నట్‌షెల్’ ప్యాకేజీ కొనాలా, మనమే చేసుకోవచ్చా?

ప్యాకేజీలో గైడు ఎవరూ రారు. మామూలు రైలు, బస్సు, పడవ టికెట్లను కలిపి ఇస్తారు, అంతే. బెర్గెన్ నుంచి వోస్ దాకా రైలు, అక్కడి నుంచి గుడ్‌వాంగెన్‌కు బస్సు, రెండు గంటల పడవ ప్రయాణంతో ఫ్లోమ్, ఫ్లోమ్ కొండ రైల్లో మిర్దాల్, మళ్లీ బెర్గెన్. విడివిడిగా కొంటే కొంత మిగులుతుంది. కానీ ఒకటి లేటైతే తర్వాతది మీ బాధ్యత. అమ్మానాన్నలతో ఉంటే ప్యాకేజీ, స్నేహితులతో ఉంటే సొంతంగా.

పొద్దున వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రమో, రాత్రో. ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్ల దూరంలో 866 మీటర్లు ఎక్కుతుంది. మధ్యలో ఖోస్‌ఫొస్సెన్ జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. వేసవిలో రాళ్లమీద ఎర్ర దుస్తుల్లో ఒకామె పాటకు ఆడుతుంది, ఇక్కడి కథల్లోని అడవి మోహిని అట. మా అమ్మ జలపాతం చూడ్డం మానేసి, ఆ పిల్ల జారిపడుతుందేమోనని దిగులుపడింది.

రోజంతా తిరగలేం. సగం రోజులో ఏదైనా?

మోస్ట్రౌమెన్ పడవ. రేవు నుంచే బయలుదేరి మూడున్నర గంటల్లో తిరిగొస్తుంది. ఓస్టెర్ ఫ్యోర్డులో వెళ్లి, ప్రవాహం గట్టిగా ఉన్న ఇరుకు జలసంధి దాటి, జలపాతం దగ్గరికి పోనిచ్చి బకెట్టుతో నీళ్లు పట్టి తాగమంటారు. లోపల హీటర్ ఉంటుంది, కిటికీల్లోంచి చూడొచ్చు. నారోయ్ అంత గంభీరం కాదు గానీ, నడవలేనివాళ్లకు ఇది చాలు.

## తిండి, ఖర్చు

చేపల మార్కెట్‌లో తినొచ్చా? మరీ ఖరీదట.

ఖరీదే. బయటి స్టాళ్లు వేసవిలోనే, లోపలి హాలు ఏడాదంతా. పళ్లెం నిండా పీత, రొయ్యలు అడిగితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ముందే రేటు అడగండి, తూకం వేసి అమ్మేవాటికైతే తప్పకుండా అడగండి. నేనైతే చేపల పులుసు అంటాను... పులుసంటే మనది కాదు, పాలమీగడతో చేసిన తెల్లటి సూపు. బెర్గెన్‌ది కొంచెం తీపి పులుపు కలిసి బాగుంటుంది. కారం ఉండదు, జేబులో పొడి ఉంచుకోండి. తిమింగలం మాంసం కూడా అమ్ముతారు, నార్వేలో అది చట్టబద్ధమే.

పూర్తి శాకాహారులం. బతకగలమా?

బతకొచ్చు. ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. పెద్ద సూపర్‌మార్కెట్లలో పప్పులు, పెరుగు, బ్రెడ్, కూరగాయలు దొరుకుతాయి, వలసవాళ్ల కిరాణా షాపుల్లో బియ్యం, కరివేపాకు కూడా. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది. మాంసం తినేవాళ్లు రెండు మాటలు గుర్తుంచుకోండి: ‘స్వీన్’ అంటే పంది, ‘స్టూర్‌ఫే’ అంటే గొడ్డుమాంసం. హాట్‌డాగ్ బండ్ల దగ్గర అడిగే తినండి. గుడ్డు, పాలు ఫర్వాలేదనుకుంటే షిల్లింగ్స్‌బొల్లె అనే దాల్చినచెక్క బన్ను బెర్గెన్ సొత్తు. ఒకప్పుడు ఒక షిల్లింగ్ నాణేనికి అమ్మేవాళ్లట, అదే పేరైంది.

రోజుకు ఎంతవుతుంది? నగదు తెచ్చుకోవాలా?

క్రోనర్ సుమారు ఎనిమిది, తొమ్మిది రూపాయలు. కాఫీ 50 క్రోనర్లు, హోటల్లో ఒక్కో భోజనం 250 నుంచి 350. ప్రతిదానికీ తొమ్మిదితో గుణిస్తూ కూర్చుంటే ఏదీ గొంతు దిగదు, మొదటి రోజే మానేయండి. నగదు దాదాపు అక్కర్లేదు, టాయిలెట్‌కు కూడా కార్డే. కుళాయి నీళ్లు శుభ్రంగా తాగొచ్చు, సీసా కొనకండి. ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి.

## పెద్దవాళ్లు, పిల్లలు, చివరి రోజు

డెబ్భై దాటిన అమ్మానాన్నలతో వస్తున్నాం. తిరగగలరా?

ఊరు సులువే, నేల సులువు కాదు. రేవు దగ్గర రాళ్లు పరిచిన దారి, బ్రిగ్గెన్ సందుల్లో ఎగుడుదిగుడు చెక్కలు. తడిసినప్పుడు చెప్పులు జారతాయి, చీర కుచ్చిళ్లు తడుస్తాయి. పట్టున్న బూట్లు వేయించండి. కొండ రైల్లోకి మెట్లు లేకుండా వెళ్లొచ్చు. హోటల్ మాత్రం రేవు దగ్గర చదునైన చోట తీసుకోండి. మ్యాపులో రెండు వందల మీటర్లని కనిపించింది నిలువు ఎక్కుడు కావచ్చు, మావాళ్లకు అదే జరిగింది. అత్యవసరమైతే అంబులెన్స్‌కు 113, పోలీసులకు 112.

పిల్లలకు ఏమున్నాయి?

నూర్‌నెస్ కొనన అక్వేరియంలో పెంగ్విన్లు, సముద్ర సింహాలు. విల్‌వీటె సైన్స్ సెంటర్‌లో అన్నీ ముట్టుకుని చూడొచ్చు, వాన రోజుకు సరిగ్గా సరిపోతుంది. ఫ్లోయెన్ మీద ఆట స్థలం ఉచితం, వేసవిలో మేకలు తిరుగుతుంటాయి. పిల్లలు ఊరి దృశ్యాన్ని వదిలేసి వాటి వెనకే పోతారు.

విమానానికి ముందు నాలుగు గంటలు మిగిలాయి. ఏం చేయాలి?

సామాను రైల్వే స్టేషన్ లాకర్లలో పెట్టేసి నూర్‌నెస్ సందుల్లోకి నడవండి. తెల్లటి చెక్క ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు, ఎక్కడా టికెట్ లేదు. ఇళ్లమధ్య అంత వెడల్పాటి ఖాళీ వీధులు ఎందుకా అనిపిస్తే, మంటలు ఒక పేట నుంచి ఇంకో పేటకు పాకకుండా కావాలని వదిలినవి, ‘అల్‌మెన్నింగ్’ అంటారు. అయినా 1916లో ఊరి నడిబొడ్డు కాలిపోయింది. తిరిగొస్తూ ఖాళీ ప్లాస్టిక్ సీసాలుంటే సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేయండి, సీసాకు రెండు మూడు క్రోనర్లు వెనక్కిస్తుంది. విమానం వేళకు రెండున్నర గంటల ముందు లైట్ రైలెక్కితే సరిపోతుంది.